ఖాళీ గళ్ళు

మీ ఇళ్ళల్లో భాగవతం పెట్టుకుని చదివే వ్యాసపీఠం ఉంటుంది కదా, దానికి కాళ్ళు తగిలించి నిలబెడితే అదే నేను. న్యూయార్క్ ఫిల్‌హార్మానిక్ హాల్లో నోట్స్ స్టాండుని. బీతోవెన్ అయినా, బ్రామ్స్ అయినా నా మీది కాగితంలో ఉన్నదే వాయించాలి. లేని స్వరం ఒక్కటి పలికిందా, తప్పే. ఆ గర్వం నాకు ఉండేది, దాచడం ఎందుకు?

మా ఆర్కెస్ట్రా కండక్టర్ లియొనార్డ్ బెర్న్‌స్టైన్ పిల్లల కోసం చేసే కచేరీలు 1958 నుంచి సీబీఎస్ టీవీలో వచ్చేవి. 1964లో ఒకదానికి జాజ్‌ని ఎంచుకున్నాడు. నలుపు తెలుపు బొమ్మకి అన్ని లైట్లెందుకో గానీ, నా ఇనుప ఒళ్ళు పెనంలా కాలిపోయింది.

నన్ను తీసుకెళ్ళి ఎరిక్ డాల్ఫీ ముందు పెట్టారు. ఆయన చేతిలో ఆల్టో శాక్సఫోన్. ట్రంపెట్ డాన్ ఎల్లిస్‌ది, టెనర్ శాక్సఫోన్ బెన్నీ గోల్సన్‌ది, బాస్ రిచర్డ్ డేవిస్‌ది. రచన గుంథర్ షుల్లర్ ‘జర్నీ ఇంటూ జాజ్’. షుల్లర్ ఒపేరా ఆర్కెస్ట్రాలోనూ, మైల్స్ డేవిస్ పక్కనా ఫ్రెంచ్ హార్న్ ఊదినవాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమూ, జాజూ కలిసి పారే పాయకి 1957లోనే ‘థర్డ్ స్ట్రీమ్’ అని పేరు పెట్టాడు. ఇందులో ఒక కథ ఉంది, రాసింది నాట్ హెంటాఫ్, చదివింది బెర్న్‌స్టైన్. ఎడ్డీ జాక్సన్ అనే కుర్రాడికి ట్రంపెట్ బాగానే వచ్చు, అయినా జాజ్ వాళ్ళతో పొసగదు. పక్కవాడు వాయించేది వినడం వంటబట్టాకే వాళ్ళలో కలుస్తాడు.

నా మీది కాగితంలో కొంత దూరం స్వరాలున్నాయి. ఆ తర్వాత గళ్ళున్నాయి గానీ, వాటిలో ఏమీ లేదు! అచ్చువేసినవాడు మరిచాడేమోనని హడలిపోయాను. డాల్ఫీ నా మీంచి చూపు తిప్పేసుకున్నాడు. శాక్సఫోన్ ఒక్క గెంతున పైకెక్కి, కిందకి దూకి, మనిషి గొంతులా గొణిగింది. మీరు మనోధర్మం అంటారే, అదన్నమాట. నన్ను పట్టించుకోకుండా అంత బాగా వాయించవచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆరన్ కోప్లాండ్ స్వయంగా పియానో ముందు కూర్చుని తన 1926 నాటి కన్చెర్టో వాయించినప్పుడు ప్రాణం కుదుటపడింది. లయ జాజ్‌దే అయినా ప్రతి స్వరమూ రాసిందే. ఆ ఊరట ఎంతసేపు? లారీ ఆస్టిన్ రచన మా ఆర్కెస్ట్రా వాళ్ళని కూడా సొంతంగా వాయించమంది.

మార్చి 11న ప్రసారమైందట. నేనెక్కడ చూస్తాను, స్టాండ్లు పెట్టే గదిలో టీవీ ఉంటుందా? జూన్ 29న డాల్ఫీ బెర్లిన్‌లో పోయాడు, 36 ఏళ్ళకే. నా మీంచి తీసి కట్టగట్టిన ఆ కాగితాల్లో ఆయన గళ్ళు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.