చందా బకాయి

అక్టోబరు ఆఖరి ఆదివారం సంస్కరణ ఆదివారం. ఆ ఊరి అయ్యగారికి ఏడాది మొత్తమ్మీద ఆ రోజు ప్రసంగమంటేనే హుషారు. 1517లో టెట్జెల్ అనే సన్యాసి జర్మనీలో ఊరూరా తిరిగి పాపపరిహార పత్రాలు ఎలా అమ్మాడో కళ్లకు కట్టారు. పెట్టెలో డబ్బు పడితే చాలు, చచ్చినవాళ్ల ఆత్మలకు కూడా విడుదలేనట. వచ్చినదాంట్లో సగం రోములో పేతురు దేవాలయానికి, సగం ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ పదవి కోసం ఆగ్స్‌బర్గ్ ఫుగ్గర్ల దగ్గర చేసిన అప్పుకి జమ.

"రక్షణ కొనేది కాదు, ఊరికే ఇచ్చేది!" అని బల్ల గుద్దారు. సిలువ మీద దొంగను సాక్ష్యం తెచ్చారు. బాప్తిస్మం లేదు, కానుక లేదు, ఒక్క ఆదివారం గుడి గడప తొక్కలేదు. అడిగాడు, ఆ పూటే పరదైసు దొరికింది.

ఆరాధన అయ్యాక సెక్రటరీగారు గుమ్మంలోనే పట్టుకున్నారు. రిటైరైన మేష్టారు, ఊరికే వదలరు.

"మరి యాకోబు పత్రికలో క్రియల మాటేంటండీ?"

"ఆ పత్రికని లూథర్ గడ్డి కింద తీసిపారేశాడు కదండీ."

"అన్నాడు గానీ బైబిల్లోంచి పీకెయ్యలేదుగా!"

మేష్టారి పాయింటు గట్టిదే. ఈ తగువు మీదే 1547లో ట్రెంటు మహాసభ శాపాలు పెట్టింది. మళ్లీ అదే ఆగ్స్‌బర్గ్‌లో, 1999 అక్టోబరు 31న, కాథలిక్కులూ లూథరన్లూ నీతిమంతులుగా తీర్చబడేది కృపవల్లేనని కలిసి సంతకాలు పెట్టారు. ఇక్కడ మాత్రం భోజనాల వేళ కావడంతో వాయిదా పడింది.

మంగళవారం తెల్లారేసరికి ఓ ముసలాయన పోయాడు. పక్షవాతంతో మూడేళ్లుగా మంచంలోనే. గుడికి రాలేదు, చందా రాలేదు. శవం వాకిట్లో ఉండగా సెక్రటరీగారు నీలం అట్ట పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పారు.

"నెలకి వంద చొప్పున మూడేళ్లు. మూడు వేల ఆరు వందలు బకాయి మామ్మా. అది కడితేగాని సమాధుల దొడ్లో చోటివ్వడానికి కమిటీ ఒప్పుకోదు."

మామ్మ కొంగు ముడి విప్పింది. మడతలు పడ్డ నోట్లు అన్నీ కలిపితే తొమ్మిది వందలు. వాటిని పుస్తకం మీద పెట్టి అడిగింది.

"బాబూ, మొన్న అయ్యగారు చెప్పిన ఆ దొంగ ఎంత కట్టాడు?"

అయ్యగారు గబగబా బైబిలు తెరిచి పేజీలు వెతుక్కోసాగారు. సెక్రటరీగారు మాత్రం తడుముకోలేదు.

"అతను పోయింది పరదైసుకి మామ్మా. అక్కడ చందా లేదు. మన దొడ్డికే ఉంది."