రెండు వందల ఒకటో యూనిట్

ఫోన్‌లో ఆట ఆడిస్తే ఇంటిల్లిపాదీ కరెంటు ఆదా చేస్తారని స్వీడన్ వాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. ‘పవర్ ఏజెంట్’ అని ఒక మొబైల్ గేమ్. పిల్లలే రహస్య ఏజెంట్లు, ఇంట్లో కరెంటు వాడకం తగ్గించడమే మిషన్, మార్కులేసేది ఆ ఇంటి అసలు మీటరు. ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఇంకో అడుగు ముందుకేసి ఆ పని పిల్లికి అప్పగించారు. ఆ ఆట పేరే ‘ఎనర్జీ క్యాట్’.

అలాంటి యాప్ మనకూ చేసిపెట్టాలని ఉబలాటపడే కుర్రాళ్లకు హైదరాబాద్‌లో కొదవా? గీజరు కట్టేస్తే ఆకుపచ్చ ఆకు, ఏసీ ఇరవై నాలుగులో పెడితే బంగారు చుక్క. ఆలస్యంగా వచ్చారు నాయనా! తెలంగాణలో ఈ ఆట 2024 మార్చి నుంచే నడుస్తోంది. పేరు గృహజ్యోతి. డౌన్‌లోడ్ అక్కర్లేదు, తెల్ల రేషన్ కార్డుతో దరఖాస్తు పెట్టుకుంటే సరి. నెలకు 200 యూనిట్ల లోపైతే జీరో బిల్లు. 201 అయిందా, ఆ ఒక్కదానికి కాదు, మొత్తానికీ కట్టాలి. అంటే ఆ చివరి యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైమాటే.

ఇక రీడింగ్ దగ్గరపడ్డ వారం చూడాలి. మీటరు ఏ గోడకుందో తెలియని పెద్దమనిషి కూడా టార్చి పట్టుకుని దాని ముందు నిలబడతాడు.

“నూట తొంభై నాలుగైందండీ!”

“రీడింగ్ అబ్బాయి వచ్చేది ఎల్లుండి గదా?”

“అయితే వాషింగ్ మెషీన్ బంద్. బట్టలు చేత్తో ఉతకాలె. మీరే.”

ఆయన ముందుగా పీకేది పిల్లాడి ఫోన్ చార్జరు. ఫోన్‌ను రోజూ నిండా చార్జి చేసినా నెలకు ఒక్క యూనిట్ కాదు. రెండు కిలోవాట్ల గీజరు అరగంటలో అంత తాగేస్తుంది. కానీ గీజరు ఆయనది, ఫోన్ పిల్లాడిది.

గండం గట్టెక్కితే మాత్రం లెక్క మారిపోతుంది. రేపే రీడింగ్, మీటరేమో నూట యాభై దగ్గరే ఉంది. మిగిలిన యాభై సర్కారుకెందుకు వదలాలి? కూలరు రాత్రంతా తిరుగుతుంది, ఖాళీ గదిలో. ఆరితేరిన ఆటగాళ్లయితే పై వాటాకు వేరే మీటరు పెట్టించుకుని ఇంకో రెండు వందలతో మళ్లీ మొదలెడతారు.

యాప్ చేసే కుర్రాళ్లకు ఒక్క మనవి. రీడింగ్ అబ్బాయి ఇప్పుడు ఏ గల్లీలో ఉన్నాడో చూపించే మ్యాప్ ముందు పెట్టండి. ఆకులూ చుక్కలూ తర్వాత చూసుకుందాం.