పెట్రోలు డబ్బా పద్యం: టీకా తాత్పర్యాలు

ఆటవెలది:
నీళ్ల సీస వద్దు, నీడలో నుంచుము;
రేకు డబ్బ నింపు రిక్తముంచి;
మాసమైన పిదప మరలఁ గొత్తది తెమ్ము;
ఇంటిలోన దాని నెపుడు నిడకు.

అవతారిక: 2014 అక్టోబరులో విశాఖను తాకిన హుద్‌హుద్ వంటి తుఫానుకు కరెంటు పోతే, బంకులో పెట్రోలు తోడే పంపుకూ అదే గతి పడుతుంది గనుక, జనరేటరు గల గృహస్థుడు నాలుగు లీటర్లు ముందే తెచ్చి దాచుకుంటాడు, పెట్రోలుతో నడిచే తైవాన్ స్ప్రేయరు గల రైతుకు బంకు దూరమై ఆ అవసరమే కలుగుతుంది. ఈ పద్యం అట్టివారిని ఉద్దేశించినది.

టీక: దానిన్ = పెట్రోలును. కవి వస్తువు పేరు చెప్పక సర్వనామంతో సరిపెట్టినందున, తడి తగలరాదు, నీడ కావాలి, అంచుదాకా నింపరాదు అనే లక్షణాలన్నీ ఆవకాయకూ చెల్లుతాయని పూర్వపక్షం చేయవచ్చు. అయితే ఆవకాయను నెలకే మార్చమన్న తెలుగు కవి లేడు, ఇంటిలో ఉంచవద్దన్నవాడు అసలే లేడు కాబట్టి ఆ పక్షం నిలవదు.

నీళ్ల సీస = తాగునీటి ప్లాస్టిక్ సీసా. దాహమైన పిల్లవాడు నీళ్లనుకొని తాగడం ఇందులో మొదటి దోషం. కంగారుపడి వాంతి చేయించడం అంతకు మించినది, ఏలననగా పైకి వచ్చే పెట్రోలు ఊపిరితిత్తులలోకి జారుతుంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ఎనిమిదవ సెక్షను, అమ్మకానికి కాని పెట్రోలును 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోనిస్తూనే, గట్టి బిరడా గల పాత్రలోనే ఉంచాలని, ఆ పాత్ర గాజుదో జాడీయో అయితే లీటరుకు, లోహపుదైతే 25 లీటర్లకు మించరాదని నియమించింది. చట్టంలో జాడీకి చోటు దొరికినందుకు పై పూర్వపక్షి సంతోషించవచ్చు.

రిక్తము = ఖాళీ జాగా. వేడికి పెట్రోలు డిగ్రీకి సుమారు వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది కాబట్టి, 20 లీటర్ల డబ్బాలో ఒక లీటరు మేర వదలాలి. నీడ అనగా గాలి ఆడే నీడ. మే నెలలో రెంటచింతలలో తలుపు మూసిన రేకుల కొట్టం నీడ అనిపించుకోదు.

మాసమైన పిదప: తేలికగా ఆవిరయ్యే భాగాలు పోయి, మిగిలినది జిగురు కట్టి కార్బురేటరు సన్నని రంధ్రాలను పూడుస్తుంది, పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఉండే ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు హెచ్చితే దానితో కలిసి అడుగుకు దిగుతుంది. బిగుతైన మూత ఉంటే రెండు మూడు నెలలు నిలుస్తుంది గాని, కవి మూతను నమ్మినవాడు కాడు. కొత్తది తెమ్మన్నాడని పాతది కాలువలో పోయరాదు, బండిలో పోసి వాడుకోవాలి. స్ప్రేయరు కోసం టూటీ (టూ-స్ట్రోక్ ఇంజను) ఆయిలు కలిపినదైతే ఆ స్ప్రేయరులోనే వాడాలి.

ఇంటిలోన: జ్వలన స్థానం, అనగా ద్రవం పైని ఆవిరి నిప్పు తగిలితే గుప్పుమనే కనీస ఉష్ణోగ్రత, పెట్రోలుకు సున్నాకు దిగువన సుమారు 40 డిగ్రీలు, కాబట్టి మన పుష్యమాసపు చలి కూడా రక్ష కాదు. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువై, నేల వెంట పాకుతూ పొయ్యి దగ్గరకో పూజగదిలోని దీపం దగ్గరకో చేరుతుంది. మండేది ఆవిరే గాని ద్రవం కాదు గనుక, ఖాళీ అయిన డబ్బాను కూడా నిండుదానివలెనే చూడాలి. చట్టం ఎంత ఉంచుకోవచ్చునో చెప్పింది. ఎక్కడ ఉంచరాదో ఈ పాదం చెప్పింది.

తాత్పర్యం: పెట్రోలును కొద్దిగా, రేకు డబ్బాలో, కొంత వెలితితో, ఆరుబయట నీడన ఉంచి, నెలనెలా మార్చుకోవాలి.

విశేషం: డీజిలు ఇంత తొందరపాటుది కాదు గనుక కవి దానిని పట్టించుకోలేదు, అయినా అడుగున నీరు చేరితే అందులో సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టరును మూసివేస్తాయి. నడుస్తున్న జనరేటరులో పెట్రోలు పోయరాదని, ఆపి చల్లారనిచ్చిన పిదపనే పోయాలని చెప్పకపోవడం మాత్రం లోపమే. చెప్పవలసినదే గాని, ఆటవెలదికి నాలుగే పాదాలు.