‘సందేహముంటే ఎన్ అనండి’: ఒక కాన్ఫిగ్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

కాన్ఫిగ్ యూఎస్‌బీ_పంకా
    ట్రైస్టేట్ "బల్లమీది యూఎస్‌బీ పంకా"
    డిపెండ్స్ ఆన్ యూఎస్‌బీ
    సెలెక్ట్ లెడ్స్_క్లాస్
    డిఫాల్ట్ ఎన్
    హెల్ప్
      పంకాను తిప్పడానికి, దాని దీపం వెలిగించడానికి కావలసిన డ్రైవర్.
      సందేహముంటే ఎన్ అనండి.

అవతారిక. లినక్స్ కెర్నల్‌ను కంపైల్ చేసే ముందు ఏ భాగం లోపలికి రావాలో, ఏది గడప బయటే ఉండాలో తేల్చే మీటలను బిల్డ్ ఫ్లాగులంటారు. వాటిని నిర్వచించడానికి ఏర్పడిన చిన్న భాషకు కేకాన్ఫిగ్ అని పేరు. రోమన్ జిప్పెల్ రచించిన ఈ భాష 2002లో 2.5.45వ కెర్నల్‌తో రంగప్రవేశం చేసి, అంతకుముందున్న పాత పద్ధతిని తొలగించింది. అదే స్థానానికి ఎరిక్ రేమండ్ సిద్ధం చేసిన సీఎంఎల్2 అనే మరో భాషకు ఆ పీఠం దక్కలేదు. తరువాత బిజీబాక్స్, యూ-బూట్, జెఫిర్ వంటి సంప్రదాయాలు కూడా కేకాన్ఫిగ్‌నే స్వీకరించాయి. నేటి కెర్నల్‌లో ఇటువంటి సూత్రాలు పదివేలకు మించి ఉన్నందున, ఒక్కొక్కదానికి టీక రాయబూనడం ఆయుర్దాయానికి సంబంధించిన విషయం. పై మూలం వాటిలో ఏదీ కాదు. సూత్రలక్షణాలు, సూత్రకారులకు అలవాటైన పొరపాట్లు ఒకేచోట కనిపించడం కోసం కల్పించుకున్నది.

ప్రతిపదార్థం. కాన్ఫిగ్ = ఇక్కడ ఒక ఫ్లాగు మొదలవుతున్నదని తెలిపే ప్రారంభవాచకం; యూఎస్‌బీ_పంకా = ఆ పేరు గలది (సూత్రంలో కనబడకపోయినా దీనికి ముందు ‘కాన్ఫిగ్_’ అనే ఉపసర్గను అధ్యాహారం చేసుకోవాలి, ఎందుకంటే సూత్రం దాటిన తరువాత లోకమంతా ఆ పేరుతోనే పిలుస్తుంది); ట్రైస్టేట్ = మూడు విలువలు గలదై; "బల్లమీది యూఎస్‌బీ పంకా" = అను ప్రశ్నగా తెరమీద కనబడునదై; డిపెండ్స్ ఆన్ యూఎస్‌బీ = యూఎస్‌బీ ఉన్నచోటనే తానుండునదై; సెలెక్ట్ లెడ్స్_క్లాస్ = తానున్నచోటికి దీపాల వర్గాన్ని అడగకుండానే ఈడ్చుకొని వచ్చునదై; డిఫాల్ట్ ఎన్ = ఎవరూ ఏమీ పలకనప్పుడు లేనిదై; హెల్ప్ = తన్ను గురించి తాను చెప్పుకొనునదై; ఒప్పుచున్నది అని అన్వయం.

తాత్పర్యం. బల్లమీద తిరిగే చిన్న పంకా ఉన్నవారు ఈ డ్రైవర్‌ను కోరుకోవచ్చును, లేనివారికి దీని జోలి అక్కరలేదు.

విశేషాలు. ‘ట్రైస్టేట్’ అనే పదం సామాన్యమైనది కాదు. బూల్ అనే మరో రకానికి వై, ఎన్ అని రెండే విలువలుండగా, దీనికి నడుమ ఎమ్ అనే మూడవ విలువ కూడా ఉంది. వై అంటే డ్రైవర్ కెర్నల్‌లో కలిసిపోయి ఇక విడదీయరానిదవుతుంది కనుక దానిని సాయుజ్యమనవచ్చు. ఎమ్ అంటే మాడ్యూల్‌గా వేరే ఫైలులో పక్కనే ఉండి, పిలిస్తే వచ్చి, పొమ్మంటే పోతుంది కనుక సామీప్యమనవచ్చు. ఎన్‌కు మోక్షశాస్త్రంలో సమానపదం వెతకడం అనవసరం. ఈ మూడింటికి సున్న, ఒకటి, రెండు అని లెక్కకట్టి, ‘మరియు’ అన్నచోట చిన్నదాన్ని, ‘లేదా’ అన్నచోట పెద్దదాన్ని తీసుకొని, ‘కాదు’ అన్నచోట రెండులోంచి తీసివేయాలని నియమం. అందువల్ల ‘ఎమ్ కాదు’ అంటే మళ్లీ ఎమ్మే వస్తుంది. నిషేధించినా నిలిచే పదార్థం ఒకటుందని తార్కికులు ఒప్పుకోకపోవచ్చు గాని, యంత్రం మాత్రం ఏ శాస్త్రార్థమూ లేకుండా ఒప్పుకుంటుంది.

‘డిపెండ్స్ ఆన్’ విషయంలో ఒక పూర్వపక్షం ఉంది: యూఎస్‌బీ ఎమ్‌గా ఉన్నప్పుడు పంకా వై కావచ్చునా అని. కారాదు; ఆధారపడిన ఫ్లాగు తన ఆధారాన్ని మించి ఎదగలేదు, ఎందుకంటే కెర్నల్‌లో కలిసిపోయిన పంకా, ఇంకా లోడ్ కాని మాడ్యూల్‌లోని ఫంక్షన్‌ను పిలవబోతే లింకింగ్ దశలోనే పని ఆగిపోతుంది. ఆధారం ఎన్ అయితే పంకా ప్రశ్నే తెరమీద కనబడదు. కొటేషన్లలోని మాటను తీసివేసినా అంతే: ఫ్లాగు ఉంటుంది గాని అడిగేవారుండరు, ఇతర సూత్రాలు లోపలి నుంచి నడిపించినట్లు నడుస్తుంది.

‘సెలెక్ట్’ దీనికి విపరీత స్వభావం గలది. లెడ్స్_క్లాస్ అనే ఫ్లాగు స్వయంగా న్యూ_లెడ్స్ అనే మరో ఫ్లాగు మీద ఆధారపడి ఉండగా, మూలకర్త రెండవదాని పేరెత్తలేదు. సెలెక్ట్ ఎదుటివాని ఆధారాలను విచారించదు. పట్టుకున్నదాన్ని పైకి లాగుతుంది, దాని కాళ్ల కింద నేల ఉన్నదీ లేనిదీ చూడదు. మూలకర్త తప్పు చేశాడని అనడం టీకాకారులకు కులాచారం కాదు కనుక ఆర్షప్రయోగమని సరిపెట్టుకోవచ్చునేమో గాని, నేరుగా తీరవలసిన ఆధారాలు తీరలేదని కేకాన్ఫిగ్ హెచ్చరిక ముద్రించి, ఆ పైన పని కానిచ్చేస్తుంది. అందుకే ప్రశ్న లేనివి, ఆధారాలు లేనివి అయిన ఫ్లాగులకే సెలెక్ట్ వాడాలని కెర్నల్ డాక్యుమెంటేషన్ సలహా. మెనూకాన్ఫిగ్ తెరమీద అటు ఇటు గీతల నడుమ నక్షత్రం కనబడితే, ఆ ఫ్లాగును మరెవరో సెలెక్ట్ చేశారని, మీట నొక్కి ప్రయోజనం లేదని గ్రహించాలి.

‘డిఫాల్ట్ ఎన్’ పునరుక్తి. ఏమీ రాయకపోయినా విలువ ఎన్నే కాబట్టి ఆ పంక్తిని కొట్టివేయమని సమీక్షకులు అడుగుతారు. నిశ్చయార్థంలో వాడినదని సమర్థిస్తే వారు వినరు. అయితే సూత్రమంతటికీ ప్రాణం ఈ చోటే. ఫ్లాగు నిర్వచించేవాడు అవునా కాదా అని అడుగుతున్నట్టు కనిపిస్తాడు గాని, పదివేల ప్రశ్నలకు జవాబు చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు కనుక, నిజానికి అతడు తేల్చేది జవాబు చెప్పనివారి గతి. కొత్త కెర్నల్ తెచ్చుకొని ఓల్డ్‌కాన్ఫిగ్ నడిపినవారు ప్రతి కొత్త ప్రశ్నకూ ఎంటర్ మాత్రమే కొడుతూ పోతారు. ఆ ఎంటర్ అర్థం సూత్రకారుడు ముందే రాసిపెట్టినది. తన డ్రైవర్ లోకానికంతటికీ అవసరమని తలచి డిఫాల్ట్ వై పెట్టినవారిని లైనస్ టోర్వాల్డ్స్ పలుమార్లు మందలించారు; ఆ మందలింపుల భాష టీకా గ్రంథంలో ఉదాహరించదగినది కాదు. అక్కరలేనిది చెప్పనని నియమం పెట్టుకున్న మన మల్లినాథసూరి ఈ విషయంలో ఆయన పక్షమే వహించేవాడని ఊహించడం సాహసం కాదు.

ఎన్ అన్న తరువాత ఆ జవాబు డాట్‌కాన్ఫిగ్ అనే ఫైలులో నమోదయ్యే తీరు వ్యాఖ్యాతలకు ప్రత్యేకంగా ఆదరణీయం. హ్యాష్ గుర్తుతో మొదలైన పంక్తి కేవలం వ్యాఖ్య అని, యంత్రం దానిని చదవదని లోకప్రసిద్ధి. ఇక్కడ మాత్రం ‘హ్యాష్, కాన్ఫిగ్_యూఎస్‌బీ_పంకా ఈజ్ నాట్ సెట్’ అనే పంక్తిని కేకాన్ఫిగ్ శ్రద్ధగా చదివి, ప్రశ్న అడగబడిందని, జవాబు ఎన్ అని గ్రహిస్తుంది. వ్యాఖ్యే కదా అని ఎవరైనా దానిని చెరిపితే, ఇంతవరకు అడగనే లేదని భావించి ఓల్డ్‌కాన్ఫిగ్ మళ్లీ అడుగుతుంది. వద్దన్నది వేరు, అడగనిది వేరు అనే ఈ భేదం ఒక్క హ్యాష్ పంక్తిలో దాగి ఉంది. వ్యాఖ్యకు మూలంతో సమాన ప్రామాణ్యం దక్కిన చోట్లు అరుదు.

ఫలం మేక్‌ఫైలులో. ‘ఆబ్జ్-’ అనే ధాతువుకు ఫ్లాగు విలువ ప్రత్యయంగా చేరి, ఆబ్జ్-వై అయితే కెర్నల్‌లోనికి, ఆబ్జ్-ఎమ్ అయితే మాడ్యూళ్లలోనికి వెళ్తుంది. ఎన్ అయినప్పుడు ప్రత్యయానికి లోపం వచ్చి, వట్టి ‘ఆబ్జ్-’ మిగులుతుంది, దానిని ఎవరూ పట్టించుకోరు. సీ భాషలో మాత్రం ఎమ్ అయిన ఫ్లాగు పేరుకు ‘_మాడ్యూల్’ అని తోక చేరుతుంది కనుక, తోకలేని పేరునే వెతికే ఇఫ్‌డెఫ్ మోసపోతుంది. రెండింటినీ పట్టే ఈజ్_ఎనేబుల్డ్ మాక్రో గ్రాహ్యం.

‘హెల్ప్’ భాగానికి ముగింపు గుర్తు లేదు. లోపలికి జరిపి రాసినంత మేర హెల్ప్, అంతకన్న ఎడమకు జరిగిన పంక్తి వచ్చినచోట సమాప్తం. పై మూలంలో హెల్ప్ తరువాత మరో పంక్తే లేదు కాబట్టి, యూఎస్‌బీ_పంకా టీక ఇక్కడికి.