నా సాక్ష్యం చెల్లదు

నేను పొడుగాటి రూళ్ల పుస్తకాన్ని. రాజమండ్రిలో రిటైరైన లెక్కల మాష్టారొకరి బల్ల మీద, తూకం మిషనుకీ గమ్ము సీసాకీ మధ్య నా చోటు. మాష్టారు పాత తపాలా బిళ్లలు, ఫస్ట్ డే కవర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఏ కవరు ఎప్పుడు ఎవరికి పంపారో, ఏ డబ్బాలో వేశారో, ఎంత స్టాంపు అంటించారో అన్నీ నాలోనే ఉంటాయి. చివరి గడి పేరు ‘అందింది’. అందిందని కబురొస్తే అక్కడ ఇంకుతో టిక్కు పడుతుంది. ‘సార్, ఇంకా రాలేదు’ అని మెసేజీ వస్తే పెన్సిల్‌తో సున్నా. పెన్సిలే ఎందుకంటే, ఆ సున్నాల్లో చాలావాటిని తర్వాత చెరపాల్సొస్తుంది. రబ్బరు రుద్ది రుద్ది నా కుడి అంచు పలచబడిపోయింది.

మామూలు పోస్టులో వేసిన కవరుకి నంబరుండదు. డబ్బాలోంచి పోస్టాఫీసుకి, అక్కణ్ణించి ఆర్.ఎం.ఎస్. సార్టింగుకి, ఇంకో ఊరి సార్టింగుకి, పోస్టుమాన్ సంచిలోకి, ఆఖరికి అపార్టుమెంటు వాచ్‌మాన్ చేతికి. ఇంతమంది చేతులు మారినా ఎక్కడా సంతకం లేదు. ‘వేశాను’ అంటారు మాష్టారు. ‘రాలేదు’ అంటారు కొన్నవాళ్లు. రెండూ నిజమే కావచ్చు. మధ్యలో సాక్షిని నేనున్నాను కదా అంటే, నన్ను రాసిందెవరు? అమ్మినాయనే. ఆయన చేతిరాత ఆయనకే సాక్ష్యమంటే ఎవరొప్పుకుంటారు?

నాకు ముందున్న పుస్తకానికి ఈ బాధ కొంత తక్కువట. దాన్నిండా యూపీసీ (అండర్ పోస్టల్ సర్టిఫికెట్) చీటీలు అంటించి ఉండేవి. చిరునామా రాసిన కాగితమ్మీద పోస్టాఫీసు గుండ్రటి ముద్ర వేసిచ్చేది. 2011లో ఆ సదుపాయం ఎత్తేశారు. ఉన్నన్నాళ్లూ మాత్రం అది చెప్పిందేముంది? కవరు వేశారని చెప్పేది, చేరిందని చెప్పేది కాదు. పాత తేదీతో ముద్ర వేయించుకోవచ్చన్న అనుమానం కోర్టులకే ఉండేది.

‘అన్నీ స్పీడ్ పోస్టులో పంపెయ్యక ఈ తద్దినమెందుకండీ?’ అని అమ్మగారు నెలకోసారైనా అడుగుతారు. మాష్టారు లెక్క చెబుతారు. 1974 నాటి కందుకూరి వీరేశలింగం బిళ్లతో ఉన్న కవరుని అరవై రూపాయలకి అమ్మారనుకోండి. అట్ట ముక్క పెట్టి మామూలు పోస్టులో వేస్తే పదో పదిహేనో అవుతుంది. ఇదివరకు రిజిస్టరు పోస్టు ఉండేది, 17 రూపాయల రుసుము అదనంగా కడితే చాలేది. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ ఏడు అక్టోబరు నుంచి స్పీడ్ పోస్టు కొత్త ధర, ఊరు దాటితే 50 గ్రాముల లోపు కవరుకే 47 రూపాయలు, జీఎస్టీ వేరే. అరవై రూపాయల సరుకు మీద యాభై అయిదు రూపాయల బండి చార్జీ! కొనేదెవరు?

చాలామంది అమ్మకందార్లు ‘మామూలు పోస్టు, కొన్నవారిదే పూచీ’ అని ఒక్క ముక్క రాసేసి చేతులు దులుపుకుంటారు. చట్టంలో దానికి కొంత ఊతం ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, కొన్నవారికి చేరవేయమని రవాణాదారుకి అప్పగిస్తే పైకి చూడ్డానికి అది కొన్నవారికి అప్పగించినట్టే. అయితే సరుకుకి తగ్గ జాగ్రత్తతో పంపి ఉండాలి. అటు తపాలా శాఖని అడుగుదామా అంటే, పోయిన మామూలు ఉత్తరానికి పూచీ లేదని 1898 చట్టం నాడే చెప్పేసింది. 2024 జూన్‌లో అమల్లోకొచ్చిన కొత్త చట్టమూ ఆ దారే పట్టింది. చట్టం చూపించి అరవై రూపాయలు మిగుల్చుకోవచ్చు. ఆ కొన్నాయన మళ్లీ మన గుమ్మం తొక్కడు, బిళ్లలు సేకరించేవాళ్ల గ్రూపులో నలుగురికీ చెబుతాడు. నా ఉద్దేశంలో అది తెలివైన బేరం కాదు.

మా మాష్టారి పద్ధతి వేరు. నా వెనకపేజీల్లో ‘గల్లంతు పద్దు’ అని ఒకటి నడుస్తుంది. పంపే ప్రతి కవరు మీదా రెండు రూపాయలు అందులో జమ. పోయిందన్నవాళ్లకి డబ్బు అందులోంచే తిరిగి వెళుతుంది. నూటయాభై దాటిన సరుకు మాత్రం స్పీడ్ పోస్టే, మొహమాటం లేదు. కవరు మీదే కాదు, లోపలి అట్ట మీద కూడా తన చిరునామా రాస్తారు. పైది చెరిగిపోయినా, రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసులో విప్పి చూసినవాళ్లకి కనబడాలని.

రాలేదన్న మెసేజీకి ఆయన వెంటనే డబ్బు పంపరు, గొడవా పడరు. ముందు పిన్ కోడ్ సరిచూస్తారు. ‘మీ వాచ్‌మాన్‌ని ఓసారి అడగండి బాబూ’ అంటారు. మూడు వారాలు చూద్దామంటారు. హైదరాబాదు కుర్రాడొకడు ఎగిరెగిరి పడ్డాడు, దొంగలన్నాడు. కవరు వాళ్ల సెల్లారులో కరెంటు బిల్లుల కట్టలో దొరికింది. ఇంకొకావిడ డబ్బు తీసుకున్నాక, పండగ వెళ్లాక కవరొచ్చిందని తనంతట తనే ఫోన్‌పే చేశారు. ఆ రోజు మాష్టారు నా పేజీని అమ్మగారికి తీసుకెళ్లి చూపించారు.

అందరూ అలా ఉండరు. 1986లో వచ్చిన అల్లూరి సీతారామరాజు బిళ్ల ఫస్ట్ డే కవరు తనకి చేరలేదని ఒకాయన డబ్బు వెనక్కి తీసుకున్నాడు. కొన్నాళ్లకి గ్రూపులో తన ఆల్బం ఫోటో పెట్టాడు. మూల కాస్త మడతపడ్డ కవరు, వెనక మాష్టారి పెన్సిల్ గుర్తుతో సహా, అందులో కనబడుతోంది. అమ్మగారు ‘అడిగెయ్యండి, నలుగురిలో అడిగెయ్యండి’ అన్నారు. ‘ఆలస్యంగా అంది, చెప్పడం మరిచాడేమోనే’ అన్నారు మాష్టారు. నమ్మి అన్నారో లేదో నాకూ తెలీదు. నాలో మాత్రం ఆ కొన్నాయన పేరు పక్కన ‘స్పీడ్ పోస్టే’ అని ఇంకుతో రాశారు.

మొన్న అదే పెద్దమనిషి మళ్లీ ఆర్డరిచ్చాడు. చార్జీ చెబితే, ‘అంతెందుకు మాష్టారూ, మామూలుగా పంపెయ్యండి, పోతే నాదే పూచీ’ అన్నాడు.

‘మీ పూచీ రాసుకోడానికి నా పుస్తకంలో గడి లేదండీ’ అని జవాబిచ్చారు మాష్టారు.

సాయంత్రానికి చార్జీతో సహా డబ్బు పడింది.