పెంపుడు పాముకు మైట్స్: వినకూడని సలహాలు

అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన మన ఇళ్లలో కొందరు పిల్లలు కుక్కనో పిల్లినో కాకుండా బాల్ పైథాన్‌నో, కార్న్ స్నేక్‌నో కావాలంటున్నారు. ఇంట్లో పెద్దలు మొదట భయపడతారు, తర్వాత అలవాటు పడతారు, ఆ తర్వాత ప్రేమిస్తారు కూడా. పాముకు మైట్స్ అనే రక్తం తాగే చిన్న పురుగులు పట్టాయని తెలిసిన రోజున తెలిసినవాళ్లంతా తలో సలహా ఇస్తారు. అన్నీ మంచి మనసుతో ఇచ్చేవే. కానీ వాటిలో చాలా సలహాలు పామును బాధపెట్టి మైట్స్‌ను మాత్రం వదిలేస్తాయి. కొన్నయితే పాము ప్రాణమే తీస్తాయి. అందుకే ఏం చేయాలో చెప్పేముందు ఏం వినకూడదో చెప్పడం అవసరం అనుకుంటున్నాను.

పాముల రక్తం తాగే ఈ మైట్ శాస్త్రీయ నామం ఒఫియోనిస్సస్ నాట్రిసిస్. పశువులకు పట్టే గోమారికి, మిరప తోటలో ఎర్రనల్లికి ఇది దూరపు చుట్టం. రక్తం తాగిన ఆడ మైట్ మిల్లీమీటరు పొడవున నల్లగా ఉబ్బుతుంది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అది గుడ్లు పాము ఒంటి మీద పెట్టదు. కడుపు నిండగానే దిగిపోయి, పామును ఉంచే పెట్టె మూలల్లో, చెక్క సందుల్లో, అడుగున పరిచిన పొట్టు కింద, చీకటీ తేమా ఉన్నచోట పెడుతుంది. జీవితకాలంలో 60 నుంచి 80 గుడ్లు. వెచ్చగా ఉంటే ఒకటి నుంచి నాలుగు రోజుల్లో గుడ్డు పగులుతుంది, రెండు మూడు వారాలు తిరిగేసరికి ఆ పిల్ల తానూ గుడ్లు పెట్టే స్థితికి వస్తుంది. మగ మైట్‌తో జత కూడని ఆడది పెట్టిన గుడ్లు కూడా పొదుగుతాయి, వాటి నుంచి మగవి పుడతాయి. అంటే ఒక్క ఆడ మైట్ ఇంట్లోకి వచ్చినా సంతతి మొదలైనట్టే. ఈ జీవితచక్రాన్ని జోసెఫ్ కామిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1953లోనే వివరంగా ప్రచురించాడు. ఇన్నేళ్లయినా సలహాలన్నీ ఇంకా ‘పాముకు ఏం రాయాలి’ దగ్గరే తిరుగుతుండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. వైద్యంలో పెద్ద వాటా పెట్టెకు జరగాలి.

“పైకి ఏమీ కనబడలేదుగా, మైట్స్ లేవు.” ఇది మొదటి తప్పు. వాటికి దాక్కోవడమే బతుకు. కంటిని కప్పే పారదర్శక పొరకూ చుట్టూ ఉన్న పొలుసులకూ మధ్య సన్నని గాడి ఉంటుంది, అందులో దూరతాయి. గడ్డం కింద మడతలో, మలద్వారం దగ్గర, పొట్ట పొలుసుల అంచుల కింద ఉంటాయి. కంటి చుట్టూ పొలుసులు కాస్త పైకి లేచినట్టు, కన్ను ఉబ్బినట్టు ఉంటే అనుమానించండి. పొలుసుల మీద తెల్లటి నలుసులు రాలినట్టు ఉంటే అది మైట్స్ మలం. అన్నిటికంటే తేలికైన ఆనవాలు నీళ్ల గిన్నె. కుబుసం విడిచే సమయం కాకపోయినా పాము గంటల తరబడి గిన్నెలోనే చుట్టుకుని పడుకుందంటే ఒంటి మీద పురుగుల బాధ ఉందేమో చూడాలి. పాము లేచాక గిన్నె అడుగున మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటాయి. అందుకే గిన్నె తెల్లదై ఉండాలి. తడిపిన తెల్లటి పేపర్ టవల్‌ను చేతిలో పెట్టుకుని, పామును దాని మధ్య నుంచి మెల్లగా పోనివ్వండి. టవల్ మీద కదిలే నల్ల చుక్కలుంటే, నలిపితే ఎర్రటి మరక అయితే, ఇక సందేహం అక్కర్లేదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పెట్టెలో లేత రంగు చిన్న పురుగు కనబడగానే మందు కొట్టేస్తారు. కొబ్బరిపీచు, చెక్కపొట్టు తేమగా ఉంటే బూజు తిని బతికే వేరే మైట్స్ పుడతాయి. అవి నేల మీదే మెల్లగా తిరుగుతాయి, పాము రక్తంతో వాటికి పని లేదు. పొట్టు మార్చి, తేమ తగ్గిస్తే పోతాయి. ఇక పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ నుంచి దిగుమతయ్యే బాల్ పైథాన్ల మీద గోమార్లు కూడా వస్తుంటాయి. అవి పెద్దవి, ఒకే చోట కరుచుకుని ఉంటాయి, ఒక్కొక్కటిగా తీయించాలి.

“నూనె రాయండి.” ఆలివ్ నూనె అని అక్కడివాళ్లు, వేపనూనె అని మనవాళ్లు. నూనె తగిలిన మైట్ ఊపిరాడక చస్తుంది, నిజమే. కానీ పెట్టె మూలలో ఉన్న గుడ్లకు ఆ నూనె తగలదు. జిడ్డు ఒంటితో పాము పొట్టులో దొర్లితే ఆ చెత్తంతా పొలుసులకు అంటుకుంటుంది. వేప మీద మనకున్న నమ్మకాన్ని నేను గౌరవిస్తాను, పంట మీద దాని పని కూడా తెలుసు. అయినా పాముకు పూయడం చికిత్స కాదు.

“నీళ్లలో ముంచితే పోతాయి.” గోరువెచ్చని నీళ్లలో, ఒళ్లు సగం మునిగేలా, దగ్గరే ఉండి కాసేపు ఉంచితే కొన్ని మునిగి చస్తాయి. నీరసించిన పాము ఆ నీళ్లు తాగి కాస్త తేరుకుంటుంది కూడా. అంతవరకే దాని ఉపయోగం. తెలివైన మైట్స్ నీటికి పైనున్న తల మీదికి ఎక్కేస్తాయి. గిన్నెల సబ్బు కలపమనే మాట అసలే వద్దు.

“ఎండలో పెట్టండి, పెట్టె వేడి పెంచండి.” ఈ సలహా ఇచ్చేవాళ్లను గట్టిగా ఆపాలి. మైట్‌ను త్వరగా చంపాలంటే 50 డిగ్రీల సెల్సియస్ పైన వేడి కావాలి. పాము అంతకంటే చాలా ముందే చస్తుంది. మూసిన అద్దాల పెట్టెను ఎండలో పెడితే దాని ప్రాణం పోవడానికి నిమిషాలు చాలు. వేడి పనికొచ్చేది ఖాళీ పెట్టెకు, నీళ్ల గిన్నెకు, ప్లాస్టిక్ సామానుకు. వాటిని మరిగే నీళ్లతో కడగండి.

“కుక్కకు వాడే పేల మందు ఉందిగా.” కుక్కల మెడ మీద వేసే మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు గాఢంగా ఉండొచ్చు. అది ఎక్కువైతే పాము వణుకుతుంది, వెల్లకిలా తిప్పితే తిరగలేదు, తల నిలపలేదు. అదే మందు ఇంట్లో పిల్లి ఉంటే దానికీ ప్రాణాపాయం. పెర్మెత్రిన్‌తోనే సరీసృపాల కోసం తయారైన స్ప్రే అమెరికాలో దొరుకుతుంది. కానీ దాన్ని వాడే తీరు వేరు. పామునూ నీళ్ల గిన్నెనూ బయట పెట్టి, ఖాళీ పెట్టెలో కొట్టి, పూర్తిగా ఆరి గాలి ఆడాకే పామును తిరిగి చేర్చాలి. తడి ఆరకముందే పామును వేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. పెట్టెలో విష వాయువు వదిలే పట్టీలు వేలాడదీయమనే పాత పుస్తకాల సలహా కూడా ఇలాంటిదే. అందులో ఉండేది డైక్లోర్‌వాస్, మన రైతులకు నువాన్‌గా తెలిసిన మందు. భారత్‌లో 2020 చివరితో దాన్ని నిషేధించారు. ఊపిరి పీల్చే జీవి ఉన్న మూసిన పెట్టెలో దానికి చోటు లేదు.

“ఐవర్‌మెక్టిన్ చుక్క వేయండి.” లెక్క చూడండి. పురుగులను చంపే ఈ మందు పశువులకు వాడే ఇంజెక్షన్‌లో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది. పాములకు వైద్యులు లెక్కేసే మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. కిలోన్నర బాల్ పైథాన్‌కు అది 0.3 మిల్లీగ్రాములు, అంటే ఆ సీసాలోంచి 0.03 మిల్లీలీటరు. వంటింటి చెంచాతోనో, అంచనాతోనో కొలిచేది కాదిది. చెయ్యి కాస్త వణికితే మోతాదు రెట్టింపవుతుంది. బాల్ పైథాన్లలో సరైన మోతాదుకు కూడా నరాల బలహీనత కనిపించిన సందర్భాలున్నాయి. ఇక తాబేళ్లకు ఈ మందు ప్రాణాంతకం. పామూ తాబేలూ రెండూ ఉన్న ఇంట్లో ఈ సీసానే ఉంచకండి. వైద్యుడు బరువు తూచి రాసిస్తేనే వాడాలి.

“ఒకసారి శుభ్రం చేశాం, అయిపోయింది.” అయిపోలేదు. మందుకు లొంగని గుడ్లు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. పెద్ద మైట్స్ తిండి లేకుండా వారాల తరబడి ఆగగలవు, అందుకే పెట్టెను వారం ఖాళీగా ఉంచడం కూడా సరిపోదు. పొట్టంతా సంచిలో కట్టి బయట పారేయండి. చెక్క దుంగలూ, బెరడు ముక్కలూ వదిలేసుకోండి, ఆ సందులన్నీ కడగడం కుదరదు. అడుగున తెల్ల పేపర్ టవల్ మాత్రమే పరిచి, రోజూ మార్చి, మార్చినప్పుడల్లా వెతకండి. కనీసం ఆరు వారాలు ఇలా సాగాలి. మైట్స్‌ను వేటాడి తినే స్ట్రాటియోలీలాప్స్ అనే మేలు చేసే మైట్స్‌ను తోటల దుకాణాల్లో అమ్ముతారు. వాటిని వదిలితే మంచి సాయమే, కానీ అదే పెట్టెలో రసాయనం కొట్టి ఉంటే అవీ చస్తాయి. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి.

“ఆ ఒక్క పాముకే పట్టాయి.” మైట్స్ గదులు దాటి నడుస్తాయి, మన చేతుల మీద, చొక్కా మీద ప్రయాణిస్తాయి. ఇంట్లో ఉన్న పాములన్నిటినీ చూడాలి. ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముందు, పట్టినదాని పని చివర. కొత్త పాము వస్తే మూడు నెలలు వేరే గదిలో ఉంచాలి. మైట్స్ రక్తం తాగి పామును పాలిపోయేలా చేయడమే కాదు, ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియాను ఒక పాము నుంచి ఇంకోదానికి మోస్తాయి. మనుషుల్నీ కుడతాయి, దద్దుర్లు వస్తాయి.

ఇండియాలో ఉన్నవారికి ఒక మాట. నాగుపామునో, జెర్రిపోతునో, కొండచిలువనో ఇంట్లో పెట్టుకుని వైద్యం చేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఒంటి మీద పురుగులున్న పాము పెరట్లో కనబడితే అటవీశాఖకు ఫోన్ చేయండి. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాము ఉంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించండి. నమోదు లేదన్న భయంతో వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లకుండా ఉంటే ఆ శిక్ష పాముకు పడుతుంది.

పాము అరవదు, మూలగదు. నీరసించి, తిండి మానేసి, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడేదాకా దాని బాధ మనకు తెలియదు. కుక్కలనూ పిల్లులనూ చూసే వైద్యులందరికీ పాముల మందుల మోతాదులు తెలియవు. సరీసృపాలు, ఉభయచరాల వైద్యుల అంతర్జాతీయ సంఘం ఏఆర్ఏవీ తన సభ్యుల జాబితాను అందరికీ అందుబాటులో ఉంచింది. మీ ఊరికి దగ్గర్లో ఎవరున్నారో పామును తెచ్చుకునే ముందే వెతికి, ఆ నంబరు పెట్టె పక్కనే రాసిపెట్టుకోండి.