ఐదు మిల్లీమీటర్ల వీరత్వం

ఎండాకాలం వస్తే ఉప్పునుంతల దగ్గర దుందుభి వాగులో ఇసుకే మిగులుతుంది. బావిలో నీళ్లున్నా పైపైన వెచ్చగానే తగులుతాయి. ఇలాంటి నేల మీద పుట్టి, పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, ఈత, సైకిలు, పరుగు కలిసిన ట్రయథ్లాన్‌కు పేరిచ్చిన మన కుర్రాడికి కంపెనీలు ఏం చూపిస్తాయో తెలుసా? చలి ఆపే రబ్బరు తొడుగు. మెడ నుంచి మడమ దాకా. దాన్నే వెట్‌సూట్ అంటారు. మేలురకమైతే అరలక్ష దాటుతుంది.

1952లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త, నౌకాదళ గజ ఈతగాళ్లు చన్నీళ్లలో కొయ్యబారిపోకుండా దీన్ని ఆలోచించాడు. న్యాయమైన పనే. 1987లో డాన్ ఎంప్‌ఫీల్డ్ ట్రయథ్లాన్ కోసమే ఒకటి తయారుచేసి, కంపెనీకి క్వింటానా రూ అని పేరు పెట్టాడు. అది మెక్సికోలో ఒక రాష్ట్రం, కరీబియన్ తీరం, వెచ్చటి సముద్రం. ఉన్ని కోట్ల దుకాణానికి రామగుండం పేరు పెట్టినట్టుంది!

వేగం పెరుగుతుందన్న ప్రకటన మాత్రం అబద్ధం కాదు. నియోప్రీన్ రబ్బరులో గ్యాసు బుడగలుంటాయి. అవి నడుమునూ కాళ్లనూ పైకి తేలుస్తాయి, నీటి అడ్డు తగ్గుతుంది. కాళ్లు కిందికి దిగిపోయేవాడికి లాభం ఎక్కువ, చక్కగా ఈదేవాడికి తక్కువ. మా బావుల దగ్గర ఈ విద్యకు ప్రకటనలు అక్కర్లేదు. పిల్లల నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి నీళ్లలోకి దింపేవాళ్లు, తర్వాత ఖాళీ డబ్బాలొచ్చాయి. ఈత రాగానే విప్పి గట్టు మీద పడేసేవాళ్లు. ఇంకా కట్టుకుని తిరిగేవాణ్ని చూసి తోటిపిల్లలు నవ్వేవాళ్లు. ఇప్పుడు కట్టుకున్నవాడే ఫొటో పెడుతున్నాడు.

పోనీ, పోటీలో పనికొస్తుందా? మందం 5 మిల్లీమీటర్లు మించకూడదు, అది సరే. అసలు తిరకాసు నీటి వేడి దగ్గరుంది. ఐరన్‌మ్యాన్ అనే ట్రయథ్లాన్ పోటీల నిబంధన ప్రకారం నీళ్లు 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ వేసుకున్నవాళ్లకు బహుమతుల్లో చోటు లేదు. 28.8 దాటితే వేసుకోవడమే నిషేధం. మన దేశంలో 2019లో మొదలైన ‘గోవా 70.3’ అనే ఐరన్‌మ్యాన్ పోటీలో 1.9 కిలోమీటర్ల సముద్రపు ఈత వెట్‌సూట్ లేకుండానే సాగుతుంది. ఈ ముక్క ప్రకటనలో కనిపించదు. చలిదేశాల సరస్సుల ఫొటోలు మాత్రం నిండుగా ఉంటాయి, నీలం రంగులో, అంచున మంచుకొండతో సహా.

యూరప్‌లో చన్నీళ్ల పోటీకి వెళ్తున్నవాళ్లు నిక్షేపంగా కొనుక్కోండి, అక్కడది అలంకారం కాదు, అవసరం. ఇక్కడే ఈదేవాళ్లు మాత్రం బేరం మొదలుపెట్టే ముందు ఒక థర్మామీటరు కొని, మీరు ఈదబోయే నీళ్లలో ముంచి చూడండి.